కొత్త మూత

నలభై నిమిషాలు బాగానే పరిగెడుతుంది.
తర్వాత ఎక్కిళ్ళు.
తర్వాత, మాట మధ్యలో కునుకు తీసిన ముసలాడిలా
ఆగిపోతుంది.

మొదటిసారి నారిన్ నది మలుపులో.
వెనకాల ముప్పై రెండు తేనెపెట్టెలు,
గుమ్మాలకు ఇనుప జల్లెడ బిగించి, తాళ్ళతో కట్టి.
పొద్దెక్కేలోగా పైనున్న గులాబిపూల మేతకు చేర్చాలి.
ఎండ తగిలితే పెట్టెలో మైనం కరుగుతుంది,
మైనంలో ఈగలు మునుగుతాయి.
సైకాల్ ఈ మాట బయల్దేరేటప్పుడు ఒక్కసారే చెప్పింది.
రెండోసారి చెప్పే మనిషి కాదు.

తాళం తిప్పాను. స్టార్టర్ గిర్రున తిరిగింది,
బ్యాటరీకి బలం ఉంది, ఇంజనుకే మనసు లేదు.
జోల్దోష్ మామ నేర్పిన లెక్క చిన్నది:
బండి అడిగేవి రెండే, నిప్పూ పెట్రోలూ.
ఏది రాలేదో తేల్చు, మిగతాదంతా తిట్లు.

ప్లగ్గు వైరు ఊడదీసి ఇనుముకు దగ్గరగా పట్టాను.
చీకట్లో నీలంగా టప్పుమంది,
మోచేతి దాకా నమ్మకం కలిగింది.
సరే, నిప్పుంది.
ఫిల్టరు గాజుగిన్నెలో చూస్తే అడుగున ఒక్క చుక్క,
ఆ చుక్కలో నా టార్చి.
పంపు మీట నొక్కాను, నొక్కాను,
గుర్రప్పాలు పితకబోయిన చేతికి
ఎండిన పొదుగు దొరికినట్టు.
గొట్టం ఊడదీసి నోట పెట్టి ఊదితే
ట్యాంకులో ఎక్కడో బుడబుడమంది.
మళ్ళీ తగిలించి తిప్పాను, అందుకుంది.
"నలుసు అడ్డం పడింది" అన్నాను గొప్పగా.

నలభై నిమిషాలు.

రెండోసారి వంతెన దాటాక.
ఈసారి నలుసు మాట ఎత్తలేదు.
పంపు వేడెక్కి పెట్రోలు ఆవిరైపోతోందని చెప్పి
తడిగుడ్డ చుట్టాను, నదినీళ్ళు పోశాను.
నా వేళ్ళు కొంకర్లు పోతున్న ఆ చలిలో
పంపుకు వేడేమిటని నాకే తోచాలి.
తోచలేదు.
అరగంట కూర్చుని లేచాక బండి కదిలింది,
పుణ్యం తడిగుడ్డ ఖాతాలో పడింది.

మూడోసారి దోలోన్ కనుమ ఎక్కుతుండగా,
తూర్పు కొండ అంచు తెల్లబడుతోంది.
రెండో ట్యాంకు ఉండేది ఈ బండికి,
తుప్పు తిని ఏడేళ్ళు.
ప్లగ్గులన్నీ విప్పి గుడ్డ మీద పరిచాను,
అందులో ఏం వెతుకుతున్నానో నన్నడగొద్దు.
సైకాల్ మాత్రం పెట్టె పెట్టెకీ చెవి ఆనించి నడుస్తోంది.
"గోల పెంచాయి. గాలి చాలట్లేదు వీటికి" అంది,
వెనక తలుపులు బార్లా తీసింది.
అక్కడే కాసేపు నిలబడిపోయి,
బండి పక్కకొచ్చి పెట్రోలు మూత మీద వేలితో తట్టింది.

"కొత్తదా?"
"పోయిన వారమే. బిష్కెక్ కారు బజారులో.
పాతది కారేది. దీనికి రబ్బరు వాచరుంది,
చుక్క పోదు, వాసన రాదు."
"మరి గాలి ఎటు వెళ్తుంది?"

నేను జవాబు వెతుకుతుండగానే తిప్పేసింది.
హుస్సుమంటూ లోపలికి, పొడుగ్గా,
నీళ్ళలోంచి తల పైకెత్తిన మనిషి పీల్చినట్టు
పీలుస్తూనే ఉంది ట్యాంకు.
అది ఆగేదాకా ఇద్దరం మాట్లాడలేదు.
నేను ఊదింది నలుసు మీద కాదు.
తడిగుడ్డ చేసిందేమీ లేదు.

పెట్టెలకు కొట్టే మేకు తీసి,
మూతను రాయి మీద పెట్టి రెండు దెబ్బలు వేసింది.
నువ్వుగింజంత చిల్లి.

చేరేసరికి ఎండ మోకాళ్ళ దాకా వచ్చింది.
ముప్పై ఒక్క పెట్టెలు తెరిస్తే ఈగలు లేచాయి.
ఒక పెట్టె దగ్గర ఆమె కూర్చుండిపోయింది,
మూత తీసి, వేసి, మళ్ళీ తీసి చూసింది.
కిరాయిలో ఆ పెట్టె ఖరీదు తగ్గించింది.
నేను లెక్కపెట్టుకోకుండానే జేబులో పెట్టుకున్నాను.

ఇప్పుడు మలుపుల్లో కాస్త వాసనొస్తుంది.
ఎక్కినవాళ్ళు ముక్కు చిట్లించి
కారుతోందేమో చూసుకోమంటారు.
చూశానులే అంటాను.